కాటా కంప్యూటరూ, కైరాసి చెయ్యీ

మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా గదిలో ఒక రిజిస్టరు ఉంది. కాటా ఏ రోజు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది అందులో రాయాలి. పోయిన సీజన్‌లో ఒక రోజుకు ఎదురుగా ఇలా ఉంటుంది: "కరెంటు కోత. కాటా అయిదు గంటలు ఆలస్యం." రాత నాది, సంతకం సూపర్‌వైజరుది, అబద్ధం ఇద్దరిదీ. ఆ రోజు కరెంటు పోయింది నాలుగు నిమిషాలు మాత్రమే. మిగిలిన సమయమంతా నా చదువు మింగేసింది.

ఆ అయిదు గంటలూ గుడిపాల వైపు నుంచి ట్రాక్టరు నిండా తోతాపురి కాయ తెచ్చిన ఒక పెద్దాయన ఎండలో నిలబడ్డాడు. కోసి రెండు రోజులైన కాయ. ఇంకో పూట ఎండ తగిలితే మెత్తబడుతుంది. మెత్తబడితే ఫ్యాక్టరీ దించుకోదు. ఆయన కాయకు జరిగినదానికి కరెంటు వాళ్లే కారణమని మా రిజిస్టరు ఇప్పటికీ సాక్ష్యం చెబుతోంది. కరెంటు వాళ్ల మీద నాకు ప్రత్యేకమైన అభిమానం లేదు. కానీ ఎవరి తప్పులు వాళ్లకు సరిపడా ఉన్నప్పుడు నావి కూడా వాళ్ల నెత్తిన రుద్దడం బాగుండదు. అందుకని అసలు సంగతి ఒకచోట రాసిపెడుతున్నాను.

నేను బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కనున్న ఆ ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాను. కాయతో వచ్చిన ట్రాక్టరు ఇనుప పలక మీదికి ఎక్కుతుంది. దాని బరువు నా కిటికీ పక్కనున్న చిన్న పెట్టెలో ఎర్ర అంకెలుగా వెలుగుతుంది. కంప్యూటరు ఆ అంకెలు తీసుకుని చీటీ అచ్చు వేస్తుంది. నేను ఆ చీటీ చించి ఇస్తాను. ఈ మొత్తంలో నా వాటా చించడం ఒక్కటేనని గిట్టనివాళ్లు అంటుంటారు.

వాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, నేను చదువుకున్నవాణ్ని. కాలేజీ నన్ను ఇంటర్ దగ్గర వదిలేస్తే చిత్తూరు గ్రంథాలయం చేరదీసింది. ఇష్టమైన పుస్తకం ఏరుకుని చదివేవాళ్లు వేరు. నేను బీరువాలు చదివాను. పై అర ఎడమ చివర మొదలుపెట్టి కింది అర కుడి చివర దాకా. పశువులకు వచ్చే గాలికుంటు, గోడల్లో చెమ్మ, గ్రహాల కదలిక, తేనెటీగల కుటుంబం, అన్నీ అదే వరసలో నా తలకెక్కాయి. గ్రంథాలయంలో పనిచేసే అక్క నన్ను చూసి, "ఈయన బీరువా మారినాడంటే ఏడాది గడిచినట్లే" అనేది. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

అలా వరసలో కంప్యూటర్ల బీరువా వచ్చింది. అందులో లినక్స్ మీద ఒక తెలుగు పుస్తకం ఉంది. అట్ట లేదు, మధ్యలో టీ మరక ఉంది. బాగా వాడిన పుస్తకమని ఆ మరకను చూసే గౌరవించాను. మా కాటా కంప్యూటరులో కూడా అదే ఉంది. డబ్బు కట్టక్కర్లేని సిస్టమ్ అని తెలిసిన రోజునే మా మొదలాళి దాన్ని పెట్టించారు. మా పక్క యజమానిని మొదలాళి అంటాం.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన అధ్యాయం బూట్ లోడర్ గురించినది. కంప్యూటరు బటన్ నొక్కగానే అసలు పని చేయించే పెద్ద ప్రోగ్రాము లేచి కూర్చోదు. దాన్ని కెర్నల్ అంటారు. అది డిస్కులో పడుకుని ఉంటుంది. దాన్ని లేపడానికి ముందుగా ఒక చిన్న ప్రోగ్రాము లేస్తుంది. అదే బూట్ లోడర్. కెర్నల్ ఎక్కడుందో వెతకాలి, మెమరీలోకి తెచ్చి కూర్చోబెట్టాలి, పగ్గాలు అప్పగించి తప్పుకోవాలి. అంతవరకే దాని ఉద్యోగం. అప్పగించాక మళ్లీ కనపడదు, నేనే లేపానని చెప్పుకోదు. మా ఫ్యాక్టరీలో అలాంటి ఉద్యోగి ఒక్కడూ లేడు, నాతో కలిపి.

ఇక మొదలాళి సంగతి. ఆయనది కైరాసి చెయ్యి అని పేరు. ఆయన చేత్తో మొదలుపెట్టింది కలిసివస్తుందని మొదట ఆయనే చెప్పారు. తర్వాత మేమందరం ఒప్పుకున్నాం. జీతం తీసుకునేవాళ్లు ఒప్పుకోవడంలో వింత లేదు. సీజన్ మొదటి రోజు పూజ చేసి, గుమ్మడికాయ పగలగొట్టి, ముహూర్తానికి ఆయన తన చేత్తో కాటా ప్రారంభించాలి. ముందటి ఏడాది ముహూర్తానికి బటన్ నొక్కారు. ముసలి కంప్యూటరు కదా, కళ్లు తెరిచేసరికి రాహుకాలం వచ్చేసింది. ఆ సీజన్‌లో గుజ్జు అడిగేవాళ్లు లేకపోయారు. ఆ లోపం ఎక్కడెక్కడి బజార్లదో కాదు, మా కంప్యూటరుదని తేలింది.

"ఏమప్పా, పుస్తకాలు సదువుతావంట గదా," అన్నారు పోయిన సీజన్‌కు ముందు నన్ను పిలిచి. "నేను కొట్టినప్పుడు అది లెయ్యల్ల. పంచాంగం దానికి తెలీదా?"

"తెలీదు సార్. కానీ ఒక ఉపాయం ఉండాది. బటన్ ముందే నొక్కి పెడతాము. అది లేసి వాకిట్లో నిలబడుతుంది. మీరు ఎంటర్ కొట్టినాకనే లోపలికి పోతుంది."

"ఎంతసేపు నిలబడతాది?"

"మామూలుగా అయిదు సెకన్లు సార్. ఆ పైన ఎవురినీ అడక్కుండా పోతుంది."

"అయిదు సెకన్లా! మన బస్సు కండక్టరు ఇంగొంచెం ఎక్కువ నిలబెడతాడు గదప్పా."

"మనం చెప్తే ఎంతసేపైనా నిలబడుతుంది సార్."

ఆ మాట అన్నప్పుడు నా గొంతు కొంచెం గంభీరంగా మారిందని సూపర్‌వైజరు తర్వాత చెప్పాడు. మారే ఉంటుంది. ముప్పై బీరువాల చదువుకు మొదటిసారి గిరాకీ వచ్చింది.

పని చిన్నదే. ఒక ఫైలులో ఒక వరస. మెనూ చూపించి ఎన్ని సెకన్లు ఆగాలి అని ఉన్నచోట అయిదు తీసేసి, ఒకటి పెట్టి, దాని ముందు ఒక అడ్డగీత గీశాను. మైనస్ ఒకటి. మైనస్ ఒక సెకను ఆగడం ఎలాగో లెక్కల మాస్టారు చెప్పలేడు గానీ బూట్ లోడర్‌కు బాగా తెలుసు. ఎవరో ఒక మనిషి వచ్చి నొక్కేదాకా ఆగమని దానర్థం. ఫైలు మార్చగానే సరిపోదు, మార్చిన సంగతి బూట్ లోడర్‌కు అందేలా ఒక ఆజ్ఞ కూడా ఇవ్వాలి. అదీ ఇచ్చాను. మెనూలో సిస్టమ్ పేరుకు బదులు తెలుగులో "శుభం" అని కూడా పెట్టాను. తెర మీద గుణింతాలు అక్షరాల నుంచి విడిపోయి దేనికది నిలబడ్డాయి. పంతులుగారు కళ్లద్దాలు సవరించుకుని చూసి, "ఇది ఏ భాష బీజాక్షరం నాయనా?" అన్నారు. పాతది స్వామీ అన్నాను. ఆయన దానికి కూడా కుంకుమ పెట్టారు.

ముహూర్తం వచ్చింది. కంప్యూటరు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మొదలాళి పసుపు చేత్తో ఎంటర్ కొట్టారు. బూట్ లోడర్ తప్పుకుంది, కెర్నల్ లేచింది, తెల్ల అక్షరాలు తెర మీద బిరబిరా పైకి పాకాయి. మామూలుగా ఆ అక్షరాలు కనపడకుండా ఒక బొమ్మ అడ్డం ఉంటుంది. కెర్నల్‌ను లేపేటప్పుడు చెప్పే మాటల్లోంచి 'నిశ్శబ్దంగా' అన్నది తీసేస్తే బొమ్మ తొలగి అక్షరాలు బయటపడతాయి. అదీ నేను చేసిందే. మొదలాళికి ఆ పాకడం చాలా నచ్చింది. అంత పని లోపల జరుగుతోందని ఆయనకు అంతవరకూ తెలియదు. నా గురించి కూడా తెలియదు.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. మొదలాళి ఆగలేదు. సీజనంతా రోజూ పొద్దున తన చేత్తోనే ఎంటర్ పడాలన్నారు. మూడో రోజు ఆయన కొంచెం ఆలస్యంగా వచ్చేసరికి సూపర్‌వైజరు తొందరపడి కొట్టేశాడు. ఆ పూటే ఒక ట్రాక్టరు టైరు సరిగ్గా కాటా పలక మీద పగిలింది.

"ఎవురు ముట్టుకున్నది?" అని అరిచారు మొదలాళి, మేకు దిగిన టైరును వదిలేసి కంప్యూటరును చూస్తూ.

సూపర్‌వైజరు తన వేలిని చొక్కా జేబులో దాచుకున్నాడు.

"దీనికి బీగం వేసేదానికి అవుతాదా?" అని నన్ను అడిగారు.

అవుతుంది. ఆ అధ్యాయం కూడా చదివాను. మెనూకు పాస్‌వర్డ్ పెట్టవచ్చు. పెడితే ఎంటర్ కొట్టాక పేరు అడుగుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, రెండూ సరిపోతేనే కెర్నల్‌ను లేపుతుంది. ఎందుకైనా మంచిదని ఆ ఆదివారం గ్రంథాలయానికి వెళ్లి మళ్లీ చూశాను. పాస్‌వర్డ్ పెట్టే పద్ధతి అంతా వివరంగా ఉంది. పుట చివర మాత్రం, ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగడం అవసరం లేనిచోట ఏం చేయాలంటే, అని మొదలై వాక్యం ఆగిపోయింది. తర్వాతి ఆకు లేదు. ఎవరో చించుకుపోయారు. మాకు అవసరం ఉంది కాబట్టి అవసరం లేనిచోటి సంగతి మనకెందుకని పుస్తకం మూసేశాను. ఒక జీవితకాలం బీరువాలు చదివినవాడు చేసిన పని అది.

మర్నాడు మొదలాళిని కుర్చీలో కూర్చోబెట్టి, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన ఒక్క వేలితో తనకు నచ్చిన పాస్‌వర్డ్ రెండుసార్లు కొట్టారు. కంప్యూటరు దాన్ని ఎవరికీ అర్థం కాని బారెడు అక్షరాలుగా మార్చి ఇచ్చింది. దాన్ని తీసి ఫైలులో పెట్టాను.

"ఇది మీకు తప్ప ఎవురికీ తెలీకూడదు సార్," అన్నాను, పుస్తకంలో ఉన్న గాంభీర్యంతో. "కన్నతల్లి అడిగినా చెప్పొద్దు."

"మా యమ్మ ఎందుకు అడుగుతాదప్పా?" అన్నారాయన. అయినా తల ఊపారు.

పన్నెండు రోజులు బాగా నడిచింది. పదమూడో రోజు తెల్లవారగానే మొదలాళి తిరుమలకు బయలుదేరుతూ కాటా దగ్గర ఆగారు. తన చేత్తో కంప్యూటరు లేపి, "నేను వచ్చేదాకా దీన్ని ఆర్పొద్దు" అని చెప్పి కొండకు పోయారు. మేమెవరం ఆర్పలేదు. పది గంటలప్పుడు కరెంటు పోయింది. కంప్యూటరు కింద పెట్టిన బ్యాటరీ పెట్టె నెల రోజులుగా కీచుకీచుమంటోంది. ఆ చప్పుడుకు మేమెంత అలవాటు పడ్డామంటే, అది ఆగిపోయాక గానీ ఎవరమూ దానివైపు చూడలేదు.

నాలుగు నిమిషాలకు కరెంటు వచ్చింది. బరువు చూపే పెట్టెలో ఎర్ర అంకెలు వెలిగాయి. కంప్యూటరు తనంతట తానే లేచింది. వాకిట్లోకి వచ్చి నిలబడింది. తెర మీద శుభం, విడిపోయిన గుణింతాలతో. ఎంటర్ కొట్టాను. పేరు అడిగింది, ఇచ్చాను. పాస్‌వర్డ్ అడిగింది.

అప్పుడు కాటా పలక మీద ఉన్నది గుడిపాల పెద్దాయన ట్రాక్టరు. ముందురోజు సాయంత్రం నుంచి లైనులో ఉండి, అప్పుడే పలక ఎక్కాడు. ఆయన వెనక హైవే పక్క దాకా పందొమ్మిది ట్రాక్టర్లు. గేటు దగ్గర కాయ చూసే మనిషి ఒకడుంటాడు. బొటనవేలితో కాయను నొక్కి చూస్తాడు. వేలు దిగకపోతే లోపలికి, దిగితే వెనక్కి. పెద్దాయన కాయకు పొద్దున వేలు దిగలేదు.

"ఏమప్పా, చీటీ రాలేదే?" అన్నాడు పెద్దాయన కిటికీలోంచి తొంగిచూసి.

"కంప్యూటరు లెయ్యలేదు మామా."

"లేసింది గదా, ఏందో కనబడతా ఉండాది."

చదువుకున్నవాడు చేయకూడని పని అప్పుడు చేశాను. ఆయనకు బూట్ లోడర్ గురించి వివరించాను. తీరిగ్గా, పుస్తకంలో ఉన్న వరసలోనే. ఆయన తలపాగా తీసి ముఖం తుడుచుకుంటూ మొత్తం విన్నాడు.

"అంటే, పని చేసేవాడు లోపల పండుకోని ఉండాడు. లేపేవాడు వాకిట్లో నిలబడి ఉండాడు. వాడికి మీ మొదలాళి చెయ్యి తప్ప ఇంగోరిది ఆనదు. అంతేనా?"

"అంతే మామా." ముప్పై బీరువాల సారాన్ని ఆయన మూడు మాటల్లో చెప్పేశాడు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

"మరి బరువు చూసేది ఎవురు?"

"ఆ పెట్టె."

"అది పండుకోని ఉండాదా?"

"లేదు."

"ఆ ఎర్ర నెంబర్లు నా బండియే గదా?"

"మీదే."

"చూసి ఒక కాగితం మీద రాసియ్యప్పా, ఇంగేంది!"

రాయకూడదు. కొన్నేళ్ల కిందట చేతిరాత చీటీల మీద అంకెలు కాటా నుంచి ఆఫీసుకు నడిచి వెళ్లే లోపల రూపం మార్చుకునేవి. అందుకే కంప్యూటరు వచ్చింది. చేతిరాత చీటీ చెల్లదని గోడ మీద బోర్డు కూడా ఉంది. ఆ బోర్డు రాసింది నేనే, అక్షరాలు గుండ్రంగా వస్తాయని.

"రూల్ లేదు మామా. కొంచెం ఓపిక పట్టండి, నేను దీన్ని లేపుతా," అన్నాను.

నిజానికి రూలు సగం కారణమే. మిగతా సగం, ఇది నేను వేసిన తాళం, నేనే తీసి చూపించాలన్న పట్టుదల. సూపర్‌వైజరు మొదలాళికి ఫోన్ చేశాడు. డ్రైవరు ఎత్తాడు.

"సార్ దర్శనం క్యూలోకి పోయినాడు. ఫోన్లు లోపలికి ఇడవరు గదా, నా కాడ ఇచ్చి పోయినాడు."

"ఎప్పుడొస్తాడు?"

"యాడ చెప్పేదన్నా? అది స్వామి ఇష్టం."

పాస్‌వర్డ్ లేకుండా వెళ్లే దారి ఒకటి నాకు తెలుసు. పెన్‌డ్రైవ్‌లో మరో లినక్స్ పెట్టుకుని, కంప్యూటరును దానితో లేపి, లోపలికి వెళ్లి నేను రాసిన వరసలు తీసేయడం. అలాంటి పెన్‌డ్రైవ్ ఒకటి ఇంట్లో తయారుగా ఉంచుకున్నాను. బస్సెక్కి చిత్తూరు వెళ్లి తెచ్చాను. రానూపోనూ రెండు గంటలు. కంప్యూటరుకు తగిలించాను. అది పెన్‌డ్రైవ్ వైపు ఒకసారి చూసి, మళ్లీ శుభం అంది. అప్పుడు గుర్తొచ్చింది. వేసవిలో అందులోని లినక్స్ చెరిపేసి, పాత పుస్తకాల స్కాన్‌లు నింపుకున్నాను. ఆపద సమయంలో నా దగ్గర తేనెటీగల పెంపకం మీద మూడు సంపుటాలు ఉన్నాయి.

"దొరికిందా మందు?" అన్నాడు పెద్దాయన.

"ఇది వేరేది మామా."

"ఆ ఎర్ర నెంబర్లు ఇంగా ఎలగతా ఉండాయి," అన్నాడు. పొద్దున్నుంచి గంటకొకసారి ఆ మాటే చెబుతున్నాడు. విసుగు లేకుండా, దారి తప్పినవాడికి దారి చూపించినట్టు. ట్రాక్టరు కింద నీడలో కూర్చుని, మధ్యలో లేచి, కాయ మీద కప్పిన మామిడాకు కొమ్మలను సర్దేవాడు. కొమ్మలు కూడా వాడిపోయాయి.

రెండు దాటాక కాయ చూసే మనిషి అటుగా వచ్చి, ఊరికే చూసినట్టు ఒక కాయ తీసి నొక్కాడు. ఇంకొకటి తీశాడు.

"దిగతా ఉండాది మామా," అన్నాడు మెల్లగా. "ఇంగొక గంట చూస్తా. ఆపైన నా చేతిలో లేదు."

పెద్దాయన నావైపు చూడలేదు. అది చూడటం కన్నా కష్టంగా ఉంది.

రెండున్నరకు మొదలాళి ఫోన్ వచ్చింది. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి నా చెవికి ఆనించాడు. నేను జరిగింది చెప్పి, పాస్‌వర్డ్ అడిగాను.

"అదెట్ల చెప్పేదప్పా?" అన్నారు మొదలాళి నిజంగా ఆశ్చర్యపోయి. "చెప్తే ఇంగేం పాస్‌వర్డు? నువ్వే గదా అంటివి, కన్నతల్లి అడిగినా చెప్పొద్దని."

"అది అప్పుడు సార్. ఈడ కాయ మెత్తబడతా ఉండాది."

"నేను బయలుదేరినా గదా. అయిదుకంతా ఉంటా. దర్శనం బాగా అయింది. ఈ చేత్తో కొడితే చూడు, కాటా ఎట్ల పరిగెత్తుతుందో. అంతవరకు ఎవురూ ముట్టుకోవద్దు."

ఫోన్ పెట్టేశారు. నేను చెప్పిన మాటను అంత శ్రద్ధగా పాటించిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు.

సూపర్‌వైజరు నన్ను చూశాడు, లైను చూశాడు, బోర్డు చూశాడు. వేలికి ఒకసారి తగిలిన దెబ్బ మర్చిపోని మనిషి.

"నేను టీ తాగను పోతా ఉండా," అన్నాడు. "రెండు టీలు తాగుతా. కావాలంటే మూడు. ఈడేం జరిగిందో నాకు తెల్దు."

కాటా గదిలో ఖాళీ కాగితం లేదు. ప్రింటరులో ఉన్నది బయటికి రాదు. నా సంచిలో గ్రంథాలయం నోటుపుస్తకం ఉంది. బూట్ లోడర్ అధ్యాయం మొత్తం చక్కటి అక్షరాలతో అందులో ఎక్కించుకున్నాను. వెనక పుటలు ఖాళీ. ఒక ఆకు చించాను. గ్రంథాలయంలో ఆకు చించినవాణ్ని పదిహేను రోజులు మనసులో తిట్టుకున్న నేను, చించేటప్పుడు ఒక్క క్షణం ఆగాను. తర్వాత ఎర్ర అంకెలు చూసి బరువు రాశాను, సంతకం పెట్టి, కిటికీలోంచి చాచాను.

పెద్దాయన ఆ కాగితాన్ని రెండు వైపులా చూశాడు. ఒక వైపు ఆయన కాయ బరువు. రెండో వైపు, కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చే విధానం.

"అరనిమిషం పట్టలేదే," అన్నాడు.

కాయ చూసే మనిషి మళ్లీ కాయ నొక్కలేదు. దించే చోట మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోయారు. పైవరసలు, నీడ పక్కవి దించుకున్నారు. మూడో వంతు కాయ, ఎండ పక్కదీ అడుగుదీ, వెనక్కి పోయింది. ఖాళీ బండి బరువు కోసం మళ్లీ పలకెక్కినప్పుడు ఆయన ట్రాక్టరు ఖాళీగా లేదు. ఆ బరువు కూడా రాసి ఇచ్చాను.

"పదికే రాసింటే అంతా దించుకోనిందురు గదప్పా," అన్నాడు పెద్దాయన. కోపం లేదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడికి ఎక్కడ తప్పాడో చూపించినట్టు అన్నాడు, అంతే. బండి తోలుకుని పోయాడు.

మిగిలిన ట్రాక్టర్లకు కూడా నోటుపుస్తకం ఆకులు చించాను. వెనక పుటలు అయిపోయాక ముందు పుటలు. నాలుగున్నరకు లైను కరిగిపోయింది. సూపర్‌వైజరు మూడు టీలు తాగి వచ్చి ఖాళీ రోడ్డు చూసి, "బాగుండాది టీ" అన్నాడు.

అయిదుకు మొదలాళి వచ్చారు. కొత్త గుండు, నుదుట నామం. నాకు ఒక లడ్డు చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చుని, ఒక్క వేలితో పాస్‌వర్డ్ కొట్టారు. అక్షరాలు పాకాయి. కంప్యూటరు లేచింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. రోడ్డు మీద ఒక్క ట్రాక్టరు లేదు.

"చూసినావా?" అన్నారు నాతో. "చెయ్యి పడంగానే లైనంతా కదిలిపోయింది."

"అవును సార్," అన్నాను. ఆ తర్వాత రిజిస్టరు తీసి కరెంటు కోత అని రాశాను. చేతిరాత చీటీలన్నీ కంప్యూటరులోకి ఎక్కించాను. వాటి మీద అంకెలు ఏవీ రూపం మార్చుకోలేదు.

సీజన్ అయ్యాక ఒక ఆదివారం తిరుపతి వెళ్లాను. స్టేషన్ దగ్గర పాత పుస్తకాలు పరిచి అమ్మే ఒకాయన ఉంటాడు. ఆ కుప్పలో అదే లినక్స్ పుస్తకం, అట్టతో సహా, కనపడింది. పోయిన ఆకు అందులో ఉంది. ఎండలో నిలబడి చదివాను. ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగడం అవసరం లేనిచోట, మెనూలో ఆ పేరు పక్కన ఒకే ఒక్క మాట చేర్చాలి. చేరిస్తే ఎవరైనా ఎంటర్ కొట్టి కంప్యూటరును లేపవచ్చు. మెనూను మార్చాలంటే మాత్రమే తాళం అడ్డు వస్తుంది. ఒక్క మాట.

"కొంటావా అన్నా, ఈడనే సదివేస్తావా?" అన్నాడు పుస్తకాలాయన.

"ఒక్క ఆకే అన్నా."

"ఒక్కాకు అమ్మేది లేదు. సదువుకోని పో."

ఆ ఆకు రెండు వైపులా చేత్తో రాసుకుని వచ్చాను. ఒక ప్రతి తీసి గ్రంథాలయం పుస్తకంలో ఆకు పోయిన చోట అంటించాను. మా కాటా కంప్యూటరులో ఆ ఒక్క మాట చేర్చాను, ఇప్పుడది పది సెకన్లు ఆగుతుంది. ఆలోపల మొదలాళి ఉంటే ఆయన కొడతారు. లేకపోతే అదే లేస్తుంది. పది సెకన్ల సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. పొద్దున ఆయన కారు గేటులోకి తిరగడం చూశాకే నేను బటన్ నొక్కుతాను.

ఇక కృతజ్ఞతలు. వీళ్ల పేర్లు బయటపెడితే కొందరికి ఉద్యోగాలు ఉండవు. అందుకని ఎవరు చేసిన పని పేరుతో వాళ్లను తలుచుకుంటాను. అంటించిన ఆకును చూసి కూడా జరిమానా వేయని గ్రంథాలయం అక్కకు. ఆకు చించుకుపోయిన అజ్ఞాత పాఠకుడికి, ఆయన కంప్యూటరైనా సవ్యంగా లేస్తోందని ఆశిస్తాను. నిలబడి చదవనిచ్చిన తిరుపతి పుస్తకాలాయనకు. బీజాక్షరానికి కుంకుమ పెట్టిన పంతులుగారికి. ఫోన్ ఎత్తిన డ్రైవరుకు. మూడు టీలు తాగిన సూపర్‌వైజరుకు. మళ్లీ వేలు వాడని కాయ చూసే మనిషికి. ఇచ్చిన మాట తప్పని మొదలాళికి.

చివరగా గుడిపాల పెద్దాయనకు. ఆయన ఈ సీజన్‌లో కూడా వచ్చాడు. వస్తాడనుకోలేదు. పలక ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, తెర వైపు చూడకుండా, "ఏమప్పా, వాకిట్లో ఉండేవాడు బాగుండాడా?" అన్నాడు.

"బాగుండాడు మామా. ఇప్పుడు ఎవురు లేపినా లేస్తాడు."

ఆయన తల ఊపి, ఎర్ర అంకెలు తానే చదువుకుని, ఆ తర్వాత నా చీటీ అందుకున్నాడు. రెండూ సరిపోయాయో లేదో చూసుకుని గానీ బండి కదిలించలేదు.